ఇదొక ఎత్తు

తూకం మిషన్ బ్యాటరీ చచ్చిపోయింది.
ఏప్రిల్. ఎస్క్‌డేల్ లోయ. ఉదయం ఆరు.
వాన పడటం లేదు, ఊరికే నిలబడి ఉంది.

విల్ఫ్ మోసప్ గొర్రెపిల్ల పొట్ట కింద చెయ్యేసి లేపాడు.
మోచెయ్యి ఒకసారి కిందికి జారి
మళ్లీ పైకొచ్చింది.
"మూడుంపావు" అన్నాడు.
మందు మోతాదు రాసుకున్నాను.
పశువైద్యం చదివినదాన్ని, మనసొప్పక
మధ్యాహ్నం కొత్త బ్యాటరీ వేసి తూచాను:
మూడు కిలోల రెండువందల అరవై.
పది గ్రాములు తేడా.
"పాలు తాగింది కదమ్మా" అన్నాడు.

దాన్ని వీళ్లు హెఫ్ట్ అంటారు.
బరువుకి వెయిట్ అని వేరే మాట ఉంది,
అది మిషన్‌ది, రసీదుది, సంతలో వేలంపాటది.
హెఫ్ట్ చేతిది.
ఎత్తితే తప్ప లేనిది.

ఆ రాత్రి క్లినిక్ పైగదిలో నిఘంటువు తీశాను.
హీవ్‌కి కూతురట. హీవ్ అంటే ఎత్తడం.
హెవీ కూడా ఆ ఇంటిదే.
అంటే ఆ భాషలో మొదట బరువు లేదు.
ముందు ఎవరో వంగారు,
నడుం పట్టేసింది,
ఆ తర్వాతే రాయికి పేరొచ్చింది.

నవ్వొచ్చింది.
మా వైపు మాత్రం ఎత్తు అంటే మరేమిటి?
కొండకుండేదీ ఎత్తే,
చదరంగంలో వేసేదీ ఎత్తే,
మనిషిని కూర్చోబెట్టి తూచి
మొక్కు చెల్లించే బెల్లమూ నిలువెత్తే.
గుంటూరు మిర్చియార్డులో మా మేనమామ ఏసోబు
టిక్కీ వీపు మీదికి రాగానే
"నీళ్లు కొట్టారు దీన్లో" అని తేల్చేసేవాడు.
ఆయనకీ విల్ఫ్‌కీ ఒక్క మాట కలవదు.
ఎదురుపడితే మాత్రం
ముందు ఒకరి భుజాలొకరు చూసుకుంటారు.

మర్నాడు ఈ సంగతంతా చెబితే
విల్ఫ్ కొండవైపు గడ్డం ఎగరేశాడు.
"అదీ హెఫ్టే."
కంచె లేదు, గోడ లేదు, కాపరి లేడు.
గొర్రెలు ఆ వాలు దాటి పోవు.
తల్లి మేసిన చోటే పిల్ల మేస్తుంది,
ఏ రాయి చాటున గాలి తగలదో
పాలతో పాటే తాగేస్తుంది.
మందకి కొండ అలా అలవడితే
హెఫ్ట్ అయింది అంటారట.

మళ్లీ నిఘంటువు.
ఇది ఆ ఇంటి పిల్ల కాదు.
పడవల మీద వచ్చిన నార్స్ మాట,
ఏళ్లకేళ్లు అనుభవించి తెచ్చుకున్న హక్కు అని.
పక్కపక్కన నిలబడీ నిలబడీ
ఒకే మొహం వచ్చిన ఇద్దరు పరాయివాళ్లు.
ఈ ముక్క విల్ఫ్‌కి చెప్పలేదు.

ఇక్కడ నన్ను కూడా ఆ మందలో కలిపేస్తానని
మీరు అనుకుంటూ ఉండొచ్చు.
లేదండీ. నాకు కంచె ఉంది.
వీసా ఆఫీసువాళ్లు
గడువు గడువుకీ వచ్చి బిగించి పోతారు.

చలికాలంలో, పొయ్యి దగ్గర,
అడక్కుండానే చెప్పాడు.
రెండువేల ఒకటి. గాలికుంటు.
జబ్బు లేదు తన మందకి.
పక్క పొలందాకా వచ్చిందని
మొత్తం కాల్చేశారు. మూడువందల పన్నెండు.
యంత్రం రావడం ఆలస్యమైతే
కొన్నింటిని తనే లారీలోకి ఎత్తాడు.
"చచ్చినదానికి హెఫ్ట్ ఉండదు,
వెయిట్ ఉంటుందంతే."
తర్వాత కొన్న గొర్రెలకి కొండ తెలీదు.
ఎటు గాలి వీస్తే అటు పోయేవి.
ఐదేళ్లు ఆయనా హిల్డా
రోజూ వెనక్కి తోలారు,
తల్లులు చెప్పాల్సింది
తమ కాళ్లతో చెబుతూ.
హిల్డా మోకాళ్లు అక్కడే పోయాయి.

మా భాషలో ఒక మాటుంది అన్నాను.
ఇంగ్లీషులోకి సరిగా దిగదు, అయినా దించాను:
ఇన్నాళ్లూ మోసినవన్నీ ఒక ఎత్తు.
ఇదొక్కటీ ఒక ఎత్తు.

చెరో చేతిలో చెరొకటి పట్టుకున్నట్టు
కాసేపు ఊరుకున్నాడు.
ఎటువైపు మొగ్గిందో చెప్పలేదు.
లేచి కెటిల్ అందుకుని,
మూత తియ్యకుండానే,
"కప్పున్నర ఉంది" అన్నాడు.
"నిండు కప్పు నువ్వు తాగు."